చలపతి సెలవు, మన్మథరావు పెళ్ళి

మన్మథరావు పెళ్ళి అప్పటికి రెండుసార్లు ఆగింది. జాతకాలు కలవక కాదు, పిల్లకి నచ్చక కాదు, పెద్దవాళ్ళ మధ్య మాట తేడా వచ్చీ కాదు. వెబ్‌సైట్ వల్ల ఆగింది.

ఆ వెబ్‌సైట్ పేరు పచ్చికమిత్ర. రాష్ట్ర పశుగ్రాస వికాస సంచాలనాలయం వారిది. విజయవాడలో ఒక పాత మూడంతస్తుల భవనంలో పై అంతస్తు ఆ ఆఫీసు. పాడిరైతులు పచ్చికమిత్రలోకి వెళ్ళి, తమకి ఏ రకం గడ్డివిత్తనం కావాలో చెప్పి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాన్ని కట్టినవాడూ, ఊడ్చేవాడూ, కాపలా కాసేవాడూ ఒక్క మన్మథరావే. టెక్కలి నుంచి వచ్చిన కాంట్రాక్టు ప్రోగ్రామరు. ముప్ఫై రెండేళ్ళు. పేరులో తప్ప ఇంకెక్కడా ఆ దేవుడితో పోలిక లేని మనిషి.

పచ్చికమిత్రలో చీమంత మార్పు చెయ్యాలన్నా నలభై ఒక్క మెట్లు ఎక్కాలి. ఉన్నదాన్ని పక్కకి దాచాలి, వెబ్‌సైట్‌ని ఆపాలి, కొత్త ఫైళ్ళు ఒక్కొక్కటే ఎక్కించాలి, మళ్ళీ లేపాలి, లేవకపోతే దణ్ణం పెట్టుకుని మొదటికి రావాలి. ఈ నలభై ఒక్కటీ మన్మథరావు ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసి పెట్టాడు గానీ, అది చదివి పని చెయ్యగల రెండో ప్రాణి ఆఫీసులో లేదు. మార్పులు మాత్రం రోజూ ఉండేవి. గడ్డి ఇంకాస్త పచ్చగా కనిపించాలని ఒకరోజు, ఫోటోలో డైరెక్టరు గారి కళ్ళజోడు తీసెయ్యాలని ఇంకోరోజు, తీసేస్తే ఆయన ఆయనలా లేరు కాబట్టి మళ్ళీ పెట్టెయ్యాలని మూడోరోజు.

అందుకని మన్మథరావుకి సెలవు లేదు. అడిగితే సూపరింటెండెంట్ నరహరి గారు ఒకటే మాట అనేవారు.

"వెళ్ళవయ్యా, నేనేమన్నా వద్దన్నానా? నీ బదులు ఒకణ్ణి చూపించు, వెళ్ళు."

నరహరి గారిది అక్కడ ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. చెడ్డ మనిషి అస్సలు కాదు. రూల్సంటే ఆయనకి నిత్యపూజ. పూజ సక్రమంగా జరిగిందా లేదా అన్నదే ఆయన బాధ, ఫలం ఎవరికి దక్కిందో ఎవరికి ఎండిపోయిందో ఆయన ఎన్నడూ వాకబు చెయ్యలేదు.

మూడో ముహూర్తం పెట్టిన రోజున హిమజ ఫోన్ చేసింది. ఆమెది తెనాలి. అక్కడే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఏ విషయమైనా మూడు ముక్కల్లో తేల్చెయ్యడం ఆమె అలవాటు.

"శ్రావణమాసం, గురువారం, పొద్దున్న పది నలభై ఏడు. మా నాన్న కల్యాణమండపం వాళ్ళకి మూడోసారి మొహం చూపించారు. నాలుగోసారి చూపించనన్నారు. నేనూ చూపించను. మీరొస్తే పెళ్ళి, రాకపోతే నమస్కారం."

మన్మథరావు ముహూర్తాన్ని నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాడు. హిమజ అంటే అతనికి ప్రాణం. ఆ మాట ఆమెతో చెప్పడానికి కూడా తీరిక దొరకలేదు, అది వేరే సంగతి.

బదులు మనిషి దొరకడు కాబట్టి మనిషిని తయారు చెయ్యాలనుకున్నాడు. మూడు వారాలు కూర్చుని, మూలపడి ఉన్న ఒక కంప్యూటరు పెట్టెని దుమ్ము దులిపి, తన నలభై ఒక్క మెట్లూ దానికి నేర్పాడు. ఇక ఎవరైనా సరే మార్పు రాసి ఒకచోట పెడితే చాలు. ఆ పెట్టె దాన్ని తీసుకుంటుంది, పరీక్షలు పెడుతుంది, పాసైతే వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తుంది, ఎక్కాక తేడా వస్తే పాతదాన్ని మళ్ళీ కూర్చోబెడుతుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. దానికో పేరుండాలి గనక చలపతి అని పెట్టాడు. అది వాళ్ళ ఊళ్ళో ఒక్కరోజూ నాగా పెట్టని పోస్ట్‌మన్ పేరు.

నరహరి గారిని కూర్చోబెట్టి చూపించాడు. తెర మీద గడ్డి నాలుగు నిమిషాల్లో ముదురాకుపచ్చ అయింది. నరహరి గారి మొహం అంతకంటే త్వరగా రంగు మారింది.

"ఎవరు చేశారయ్యా ఇది?"

"చలపతి, సార్."

"ఏ సెక్షను?"

"మనిషి కాదు సార్. ఈ పెట్టె. దానంతటదే చేసేస్తుంది."

నరహరి గారు లేచి నిలబడ్డారు. "దానంతటదా? మన్మథరావ్, నేనిక్కడ ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఉన్నాను. ఈ ఆఫీసులో ఏదీ దానంతటది జరగదు. ఒకరు పెట్టాలి, ఒకరు చూడాలి, ఒకరు సంతకం చెయ్యాలి. రేపు ఈ గడ్డి ఎందుకింత పచ్చగా ఉందని పైనుంచి అడిగితే ఎవరికివ్వాలి మెమో? పెట్టెకిస్తానా?"

విషయం ఫైలెక్కింది. డైరెక్టరు పరాంకుశం గారు ఫైలు మీద "చర్చించండి" అని రాశారు. ఆయన స్వతహాగా పశువుల డాక్టరు. పదవి పెరిగేకొద్దీ పశువులు దూరమై సమాసాలు దగ్గరయ్యాయి.

మీటింగులో ఆయన గొంతు సవరించుకున్నారు. "యాంత్రికీకరణ అనేది నేటి తక్షణావశ్యకత. అందులో ద్వితీయాభిప్రాయానికి తావు లేదు. అయితే జవాబుదారీతనం అనేది పరిపాలనకి వెన్నెముక. కనుక వెన్నెముక విరగకుండా తక్షణావశ్యకతను ఎలా నెరవేర్చాలన్నదే మన ముందున్న ప్రశ్న. నరహరి గారూ, తమ అభిప్రాయం?"

"మెమో ఇవ్వాలంటే అవతల ఉద్యోగి ఉండాలి సార్. చలపతి ఉద్యోగి అయితే మనకేం అభ్యంతరం లేదు."

"ఉద్యోగి అయ్యేందుకు ఖాళీ ఉన్నదా?"

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను చూసే విజయదుర్గ గారు రిజిస్టరు తిరగేశారు. "గ్రాస పరిశీలకుడు, గ్రేడ్ టూ. పదకొండేళ్ళుగా ఖాళీగా ఉంది సార్. రెగ్యులర్ పోస్టు."

మన్మథరావు మాట్లాడబోయాడు. తను ఆ పోస్టుకి ఆరుసార్లు దరఖాస్తు పెట్టాడు. కానీ ఆ మాటకంటే ముందు అతనికి పది నలభై ఏడు గుర్తొచ్చింది. చలపతి ఉద్యోగి అయితే అవనీ, తనకి బదులు మనిషి దొరికినట్టే కదా అనుకుని నోరు మూసుకున్నాడు. ఆ ఆఫీసులో అతను తెలివిగా చేశాననుకున్న ప్రతి పనీ ఇలాగే చేశాడు.

విజయదుర్గ గారిది మంచి మనసు. ఎవరి కాగితం ఆగినా ఆవిడకి అన్నం సహించదు. మర్నాడే చలపతికి సర్వీసు రిజిస్టరు తెరిచారు. తండ్రి పేరు దగ్గర ఆగి, "నువ్వే కదా బాబూ తయారు చేసింది, నీ పేరు రాస్తున్నా" అన్నారు. పుట్టుమచ్చలు రెండు తప్పనిసరి కాబట్టి, ఒకటి వీపు మీద నీలం స్టిక్కరు, రెండు ఎడమ పక్కన ఊడ్చేవాళ్ళ బకెట్టు తగిలిన సొట్ట. ఆరోగ్య ధ్రువపత్రం డైరెక్టరు గారే స్వయంగా ఇచ్చారు. చేతిలో ఉన్న నమూనా పత్రం పశువులది. గాలికుంటు లక్షణాలు లేవు, నడక సాధారణం, మేత తీసుకోవడం లేదు, అయినప్పటికీ పుష్టిగా ఉన్నది అని రాసి సంతకం చేశారు.

ఆ సాయంత్రం హిమజ ఫోన్ చేసింది. "మీకో కొడుకున్నాడట, గవర్నమెంటు ఉద్యోగమట? మీ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి మా బాబాయితో అన్నారు. ఇంట్లో రెండు గంటలు రభస."

"అది కంప్యూటరు, హిమజా."

"కంప్యూటరుకి మీకంటే ముందు పర్మనెంటు అయిందన్నమాట. ముహూర్తం గుర్తుంది కదా?"

గుర్తుంది. అది తప్ప ఇంకేమీ గుర్తుండటం లేదు. కానీ చలపతికి ఉద్యోగం వచ్చాక ఉద్యోగధర్మాలు కూడా వచ్చాయి. పదిన్నరకి హాజరు వెయ్యాలి, కాబట్టి రోజూ పదిన్నరకి హాజరు మెసేజి పంపడం నేర్పించాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా పని చెయ్యకూడదు. ఒకడు భోజనాల వేళ పనిచేస్తే మిగతావాళ్ళని అవమానించినట్టని స్టాఫ్ సంఘం వాళ్ళు వినతిపత్రం ఇచ్చారు. ఆదివారాలు, రెండో శనివారాలు, పండగలు సరేసరి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఆ నాలుగు నిమిషాలు. "గ్రేడ్ టూ ఉద్యోగి తనంతట తాను నిర్ణయం తీసుకోడయ్యా," అన్నారు నరహరి గారు. "ప్రతి మెట్టు దగ్గరా ఆగి పైకి పెట్టాలి." అలా పదకొండు మెట్ల దగ్గర పదకొండు బటన్లు వచ్చాయి. బటన్ మీద "చూశాను" అని ఉంటుంది. పదకొండు మంది నొక్కాలి. ఒకరు ఊళ్ళో లేకపోతే మిగతా పది ఆగాలి. మన్మథరావు చేత్తో చేసినప్పుడు రెండు గంటల్లో అయ్యే పని ఇప్పుడు తొమ్మిది రోజులు పడుతోంది. ఇంత క్రమశిక్షణ గల విధానం మరే శాఖలోనూ లేదని డైరెక్టరు గారు పొంగిపోయారు.

ఒకసారి డైరెక్టరు గారి కొత్త ఫోటో వచ్చింది. ఎంత పెద్దదంటే, అది ఎక్కితే పచ్చికమిత్రలో ఇంకేదీ కనిపించదు. చలపతి పరీక్ష పెట్టి, ఫెయిల్ చేసి, పక్కన పెట్టేశాడు. గంటలో మెమో వచ్చి పెట్టె మీద అతికింది.

"పై అధికారి చిత్రపటాన్ని తిరస్కరించుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించుచూ, తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను."

సంజాయిషీ కూడా మన్మథరావే నేర్పాడు. ఇట్టి పొరపాటు పునరావృతం కాదని చలపతి ప్రింటు తీసి ఇచ్చాడు. పునరావృతం కాకుండా ఉండాలని పరీక్షలన్నీ తీసేశారు. ఫోటో ఎక్కింది. ఆ ఫోటో కింద గడ్డివిత్తనాల దరఖాస్తు ఎక్కడుందో వెతుక్కోలేక రైతులు కొట్లో కొనుక్కోవడం మొదలుపెట్టారు. దరఖాస్తులు తగ్గడం రైతుల స్వావలంబనకి నిదర్శనమని నెలవారీ నివేదికలో రాశారు.

ఇంత జరుగుతున్నా మన్మథరావు కిక్కురుమనలేదు. ఎందుకంటే ఒక చిన్న లాభం కనిపించింది. చలపతి రెగ్యులరు, తను కాంట్రాక్టు. కాబట్టి నియామకపు ఆర్డరు ప్రకారం ఇక మీదట తన పై అధికారి చలపతే. తన సెలవు మంజూరు చెయ్యవలసింది చలపతే. సెలవులు మంజూరు చెయ్యడం కూడా చలపతికి నేర్పి, పెళ్ళికి వారం ముందు ఒకనాటి మధ్యాహ్నం సెలవు చీటీ టైపు చేసి పెట్టాడు. అరనిమిషంలో "మంజూరైనది" అని వచ్చింది. బదులు మనిషి గడిలో చలపతి పేరే ఉంది. నరహరి గారు కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశారు, వంక దొరకలేదు.

"సరే, పేపర్లు కరెక్టే" అన్నారు.

మన్మథరావు కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత మొహం కడుక్కుని శుభలేఖలు పంచాడు. డైరెక్టరు గారికి, నరహరి గారికి, ఇరవై ఇద్దరు స్టాఫ్‌కి. ఇరవై అయిదోది విజయదుర్గ గారు అడిగి తీసుకున్నారు.

"చలపతికివ్వలేదేం బాబూ? అందరికీ ఇచ్చి ఆయన్నొక్కణ్ణీ వదిలేస్తే బావుంటుందా? రెగ్యులర్ స్టాఫు."

నవ్వి ఇచ్చాడు. పసుపు బొట్టు పెట్టి పెట్టె మీద నిలబెట్టారు.

బుధవారం సాయంత్రం అయిదు గంటలకి, అతను బ్యాగు సర్దుకుని మెట్లు దిగబోతుండగా, విజయదుర్గ గారు సంబరంగా ఎదురొచ్చారు.

"నీకో మంచి వార్త! చలపతి చేరిన దగ్గర్నుంచి ఒక్క క్యాజువల్ లీవూ వాడుకోలేదు, పాపం. అన్నీ ఎండిపోతున్నాయి. డైరెక్టరు గారితో నేనే చెప్పి రేపటికి మంజూరు చేయించాను. నీ పెళ్ళికి చలపతి కూడా వస్తున్నారు. జీపులో తీసుకెళతాం."

వెనకాలే నరహరి గారు ఒక ఆర్డరు పట్టుకుని వచ్చారు. మన్మథరావు చదివాడు.

"గ్రాస పరిశీలకుడు శ్రీ చలపతి వివాహమునకు హాజరగు నిమిత్తము సెలవుపై వెళ్ళుచున్నందున, వారి విధులను కాంట్రాక్టు ప్రోగ్రామరు శ్రీ మన్మథరావు, వరుడైనప్పటికీ, పూర్తి అదనపు బాధ్యతగా నిర్వహించవలెను. సదరు శ్రీ మన్మథరావుకు మంజూరైన సెలవు, బదులు ఉద్యోగి లేనందున, ఇందుమూలముగా రద్దు చేయడమైనది."

"సార్," అన్నాడు మన్మథరావు. "పెళ్ళి నాది."

"ఆ విషయం మేం చూడలేదనుకోకు. వరుడైనప్పటికీ అని స్పష్టంగా రాశాం."

"పెట్టె తెనాలి వెళ్ళిపోతే ఇక్కడ నేను చేసే పనేముంటుంది సార్?"

"పని ఉండక్కర్లేదయ్యా. మనిషి ఉండాలి." నరహరి గారు అతని భుజం తట్టారు. ఆ తట్టడంలో నిజమైన ఆప్యాయత ఉంది. "మేమందరం వస్తున్నాం కదా. నీకు లోటు రానివ్వం."

గురువారం పొద్దున్న ఏడున్నరకి జీపు బయల్దేరింది. చలపతిని వెనకసీట్లో కిటికీ పక్కన పెట్టి తాడుతో కట్టారు. ఎనిమిదిన్నరకి ఆఫీసులో మన్మథరావు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా ఖాళీ బల్ల. బల్ల మీద పెట్టె ఉన్నంత మేర దుమ్ము లేని చదరం. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళిపోదామనే ఉంది. అయితే ఆర్డరు కాదని గడప దాటడం ఆరేళ్ళలో ఒక్కసారీ చెయ్యలేదు.

తొమ్మిదికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు?" హిమజ.

"ఆఫీసులో."

అవతల సన్నాయి వినిపిస్తోంది. "మీ చలపతి గారు వచ్చారు," అంది హిమజ. "ముందు వరుసలో కుర్చీ వేశారు. మా పిన్ని పన్నీరు చల్లబోతే షాకు కొడుతుందని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆయనకి సెలవు దొరికింది, మీకు దొరకలేదా?"

"ఆయనకి దొరికింది కాబట్టే నాకు దొరకలేదు." మన్మథరావు ముక్కు ఎగబీల్చాడు. "హిమజా, నాకు నువ్వు కావాలి. ఈ ముక్క ఎప్పుడో చెప్పాల్సింది."

"చెప్పారుగా, ఏడవకండి. నేనడిగిన దానికి జవాబు చెప్పండి. మీ సెలవు మంజూరు చేసేదెవరు?"

"చలపతి."

"చలపతి ఇక్కడున్నాడు. అక్కడ ఆయన పని ఎవరు చేస్తున్నారు?"

"నేను. పూర్తి అదనపు బాధ్యత."

"అయితే?"

మన్మథరావు ఆర్డరు తీసి మళ్ళీ చదివాడు.

"ఇంటర్ పిల్లలకి కూడా నేను ఇంతకంటే విడమరిచి చెప్పను," అని హిమజ ఫోన్ పెట్టేసింది.

కాగితం లాగాడు. కాంట్రాక్టు ప్రోగ్రామరు మన్మథరావు సెలవు కోరుతూ గ్రాస పరిశీలకుడికి రాసుకున్నాడు. ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి నంబరు వేశాడు. బల్లకి ఇటుపక్క నుంచి లేచి అటుపక్క కూర్చుని, ఇన్‌ఛార్జి గ్రాస పరిశీలకుడిగా చదివి, సానుభూతితో పరిశీలించి, మంజూరు చేస్తూ సంతకం పెట్టాడు. బదులు ఉద్యోగి అన్న గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. ఆఫీసులో ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడి పేరే రాశాడు. మన్మథరావు.

బండి తీసి తెనాలి రోడ్డెక్కాడు. పది ఇరవై ఎనిమిదికి కల్యాణమండపం ముందు దిగాడు. హెల్మెట్ తీసి కాబోయే బావమరిది చేతికిచ్చి, తల దువ్వుకుంటూ మండపం వైపు పరుగెత్తుతుంటే నరహరి గారు కాఫీ గ్లాసుతో అడ్డం నిలబడ్డారు.

"ఏమయ్యా! నువ్విక్కడుంటే ఆఫీసులో ఎవరున్నారు?"

"మన్మథరావు ఉన్నాడు సార్."

"మరి నువ్వెవరివి?"

"పెళ్ళికొడుకుని సార్. సెలవు మీద వచ్చాను."

కాగితం చేతికిచ్చాడు. నరహరి గారు గ్లాసు విజయదుర్గ గారికిచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. మండపంలో పురోహితుడు వాచీ చూపిస్తూ చెయ్యూపుతున్నాడు. నరహరి గారు ఇన్‌వర్డ్ నంబరు చూశారు. తేదీ చూశారు. మంజూరు చేసినవారి హోదా చూసి, జేబులోంచి తమ ఆర్డరు కాపీ తీసి, పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. పది ముప్ఫై ఆరు అయింది. హిమజ తెరచాటు నుంచి తల బయటకి పెట్టి చూసింది.

నరహరి గారు కళ్ళజోడు తీశారు. ఆయన మొహంలో ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ చూడని వెలుగు కనిపించింది.

"మన్మథరావ్," అన్నారు, "ఇంత శుభ్రమైన కాగితం నా సర్వీసులో చూడలేదయ్యా. వెళ్ళు, పీటల మీద కూర్చో."

పది నలభై ఏడుకి జీలకర్ర, బెల్లం తలల మీదికి చేరాయి. డైరెక్టరు గారు దాంపత్యజీవన సమన్వయం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడారు. చలపతి మీద కూడా నాలుగు అక్షింతలు పడ్డాయి.

భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చున్నప్పుడు హిమజ మెల్లగా అడిగింది. "సెలవు ఎప్పటిదాకా?"

"ఈ సాయంత్రం అయిదున్నర దాకా."

"ఆఫీసులో ఉన్న ఆయనకో?"

మన్మథరావు ఆలోచించాడు. "అతనికి గడువేం రాయలేదు. ఎవరో ఒకరు రిలీవ్ చేసేదాకా డ్యూటీలో ఉన్నట్టే లెక్క."

"అయితే ఆయన్ని అక్కడే ఉండనివ్వండి," అంది హిమజ, అతని విస్తట్లో బూరె వేస్తూ. "మీరు ఇక్కడుండండి."

అతను ఉండిపోయాడు. తెనాలిలో కొట్లకి బిల్లుల ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో చేరాడు. ఆదివారం వస్తే ఆదివారంలాగే ఉంటుంది. మొదట్లో ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు. ఆరునెలలైనా ఆఫీసు నుంచి ఒక్క పిలుపూ రాలేదు. మరో ఏడాదికి, ఒక మధ్యాహ్నం, విజయదుర్గ గారి దగ్గర్నుంచి వచ్చింది.

"బాబూ, శుభవార్త! నిన్న మీటింగులో డైరెక్టరు గారు నిన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. పెళ్ళయ్యాక నువ్వు బాగా మారిపోయావట. సెలవు అడగవు, ఎదురు చెప్పవు, చోటు వదిలి కదలవు, నీ మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఇలాంటి మనిషే ఈ ఆఫీసుకి కావాలన్నారు. నరహరి గారు వెంటనే ఫైలు పెట్టారు. పై నెల నుంచి నువ్వు పర్మనెంటు!"